దిగిన దినం

మొన్న మా మనవరాలూ దాని మొగుడూ పిల్లల సెలవులకని దూరదేశం ప్రయాణం కట్టారు. పద్దెనిమిది గంటలు విమానంలో కూర్చోవాలట. అక్కడ ఒక పెద్ద ఆటల పార్కు, కొండంత ఎత్తునుంచి జారే బండ్లు, తిరిగే చక్రాలు, నీళ్లలోకి దూకే పడవలు. ఆ అబ్బాయి ఏ రోజు ఏం చూడాలో ఫోనులో పట్టిక రాసుకుని నాకు చదివి వినిపించాడు. మొదటి రోజు దగ్గర ఆగి, "ఈ రోజు మాత్రం ఏమీ పెట్టుకోలేదు అవ్వా. దిగి, స్నానం చేసి, పడుకోవడమే. ఇప్పుడు తెలివైనవాళ్లంతా ఇట్లాగే చేస్తున్నారు" అన్నాడు. ఆ ఆలోచన లోకంలో మొదట తనకే తట్టినట్టు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

కోపం పిల్లవాడి మీద కాదు. ఇదే మాట డెబ్బై ఏళ్ల కిందట ఒక మనిషి చెబితే ఊరంతా ఆమెను గయ్యాళి అంది. ఇప్పటికీ మా బంధువుల్లో ఆమె ప్రస్తావన వస్తే, "ఆయమ్మ వల్లనే గదా మద్రాసు దాకా పోయి ఏమీ చూడకుండా తిరిగొచ్చిరి" అని నవ్వుకుంటారు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. కాబట్టి చెప్పేది నేను, వినాల్సింది వాళ్లు.

ఆమె మా మామకు సొంత అక్క, నాకు పెద్దత్త. పేరు రాయను. ఆ పేరుగలవాళ్లు మా ఊళ్లో ఇంకా ఇద్దరుండేవాళ్లు, వాళ్లు ఎవరినీ ఒక్క మాట అనకుండా బతికి పోయారు. వాళ్లకు లేనిపోని నింద ఎందుకు? పెద్దత్తకు పెళ్లయిన ఐదారేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి తమ్ముడి దగ్గర ఉండిపోయింది. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఎండిన కంది కట్టెలాగా పొడుగ్గా, బిరుసుగా ఉండేది. తెల్లారకముందే లేచి గొడ్ల చావిడి ఊడ్చేది. ఎవరి మాటనైనా కాదనబోయే ముందు అరచేత్తో నేలను రెండుసార్లు చరిచేది. ఆ చప్పుడు వినబడితే మా మామ చుట్ట వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె వెతుక్కునేవాడు. ఆ తర్వాత ఆమె "నాకు తెల్దు గానీ" అని మొదలుపెట్టేది. ఆ మాట అనిందంటే ఆమెకు బాగా తెలిసిన సంగతి వస్తోందని లెక్క.

మాది కడప దగ్గర పల్లె. నన్ను కోడుమూరుకు ఎనిమిది మైళ్ల అవతలి ఊరికిచ్చారు. పదిహేడేళ్లు నాకు. రైలు, బస్సు, బండి మారి మారి, రెండు రోజుల దుమ్ముతో ఆ ఇంటి ముందు దిగాను. ఆ ఊళ్లో కొత్త కోడలు అడుగుపెట్టిన పూటే బావినుంచి కడవ నీళ్లు తేవాలి, పదిమందికి సరిపడా సంగటి కెలకాలి. తెడ్డు ఎట్లా పట్టుకుంటుందో చూడ్డానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వచ్చి కూర్చునేవాళ్లు. ఆ రోజూ వచ్చి కూర్చున్నారు. నేను కడవ అందుకోబోయాను. అప్పుడు మూలనుంచి నేల మీద రెండు దెబ్బలు వినబడ్డాయి.

"నాకు తెల్దు గానీ, పోయిన నెల సంతనుంచి ఎద్దులు తెస్తివి గదప్పా. తెచ్చిన దినమే మడక కడితివా?" అంది పెద్దత్త, తమ్ముడి వైపు చూసి.

"ఎట్ల కడతాంక్కా? అంత దూరం నడిచొచ్చినవి గదా" అన్నాడు మామ.

"మరి ఈ పాప ఎగిరొచ్చెనా?"

మామ అగ్గిపెట్టె వెతుక్కున్నాడు. పెద్దత్త లేచి చాప పరిచి, వచ్చినవాళ్లతో, "దిగిన దినం ఈ పిల్ల పండుకుంటాది. చూసేకి వచ్చినోళ్లు రేపు రాండి" అంది. వాళ్లు మూతులు తిప్పుకుంటూ పోయారు. నేను కొంచెంసేపు ఏడ్చి, ఆ తర్వాత తెల్లారిందాకా నిద్రపోయాను. ఆ ఇంట్లో నాకు ముందు నచ్చిన మనిషి మా ఆయన కాదు, పెద్దత్త.

ఎవరొచ్చినా ఆమెది అదే తీరు. కాన్పుకొచ్చిన ఆడబిడ్డ కానీ, చావు కబురు మోసుకొచ్చిన దాయాది కానీ, ముందు కాళ్లకు నీళ్లు, తాగడానికి మజ్జిగ, పడుకోవడానికి చాప. వచ్చిన పని చెప్పబోతే "రేపు చెబుదువు గానీ" అనేది. ఒకసారి పన్ను వసూలుకు వచ్చిన అధికారిని కూడా ఇట్లాగే పడుకోబెట్టింది. ఆయన లేచేసరికి సాయంత్రమైంది, మామ పొలానికి పోయి ఉన్నాడు.

ఇంట్లో ఆమె ఎద్దుల న్యాయం అందని మనిషి ఒక్కతే ఉండేది. మా అత్త. ఆమె ఎక్కడినుంచీ రాలేదు, ఎక్కడికీ పోలేదు. ముప్పై ఏళ్లుగా ఆ పొయ్యి దగ్గరే ఉంది. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం సంగటి, రాత్రికి మళ్లీ సంగటి. నెలకు మూడు దినాలు బయట కూర్చున్నప్పుడే పొయ్యి తప్పేది, అప్పుడు కూడా ఒడిలో చేట పెట్టి వేరుశనక్కాయలు ఒలవమనేవాళ్లు. వయసు మళ్లి ఆ మూడు దినాలూ ఆగిపోయాక ఆ పాటి సెలవు కూడా పోయింది. మోకాళ్లు వాచిపోయి, లేచేటప్పుడు గోడ పట్టుకునేది. పెద్దత్త ఎన్నిసార్లు నేల చరిచినా ఆమెకు సెలవు ఇప్పించలేకపోయింది. ప్రయాణం చేసిన మనిషికే గదా విశ్రాంతి అడగ్గలిగేది.

కర్నూలు రాజధాని అయిన కొత్త అది. ఊరి బయట గుడారాల్లో ఆఫీసులు పెట్టారని అందరూ వింతగా చెప్పుకునేవాళ్లు. అయినా చూడాలంటే మద్రాసే చూడాలని మామ స్నేహితులిద్దరు పట్టుబట్టారు. చలికాలంలో అక్కడ పెద్ద ఎగ్జిబిషన్ పెడతారు, తాడిచెట్టుకు రెండింతలు ఎత్తున తొట్టెలు కట్టిన చక్రం తిరుగుతుందని ఎవరో చెప్పారు. ఆ ఏడు జొన్న బాగా పండింది. మామ సరేనన్నాడు. ఆడవాళ్లను కూడా తీసుకుపోదామన్నాడు. మాకు ఎగ్జిబిషన్ చూపించడానికని ఆయన చెప్పాడు. హోటలు కూడు ముట్టని పెద్దమనుషులకు మూడు పూటలా వండి పెట్టడానికని పెద్దత్త చెప్పింది. ఇద్దరూ చెప్పింది నిజమే.

మా అత్తకు మాత్రం ఆ చక్రం మీద చెప్పలేనంత ఆశ. రొట్టె తడుతూ ఆగిపోయి, "పైకి పోయినప్పుడు మన ఊరు కనపడ్తాదంటావా పాపా?" అని నన్ను అడిగేది. నేను ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి నాకు తెలుస్తుందని ఆమె నమ్మకం. కనపడదని చెప్పడానికి నోరు రాలేదు.

పెద్దత్తకు చదువు రాదు. నులక తాడు ఒకటి తీసుకుని మూడు ముడులు వేసింది. మద్రాసులో మూడు దినాలు. రెండో ముడి ఎగ్జిబిషను, మూడో ముడి సముద్రమూ, చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. మ్యూజియాన్నీ, జంతువుల తోటనూ అప్పుడు అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. మొదటి ముడి అన్నిటికంటే పెద్దది. అది దిగిన దినం. ఆ రోజు ఏమీ లేదు. ముఖ్యంగా పొయ్యి లేదు. ఆ తాడు మామ ముందు పెట్టి, "మీ ఆడది పెండ్లయినాక మొదటిసారి యాడికన్నా పోతాండాది. దిగిన దినం ఆమె పొయ్యి ముట్టిచ్చదు. సరేనా?" అంది. మామ "సరేలేక్కా" అన్నాడు. చిన్న విషయమని అన్నాడు.

ఆమె ఆ మాటను పట్టుకుని పది రోజులు పని చేసింది. ముగ్గురం కూర్చుని జొన్నరొట్టెలు తట్టి, పెనం మీద గట్టిగా కాల్చి, ఎండబెట్టాం. వెల్లుల్లి కారం దంచాం. రైల్లో తినేవి తెల్ల గుడ్డలో, దిగిన దినానివి ఎర్ర గుడ్డలో కట్టింది. మా ఆయనతో కలిపి ఏడుగురికి రెండు పూటలు సరిగ్గా లెక్క చూసుకుంది. "తెల్ల మూట అయిపోతే పస్తుండండి గానీ, ఎర్ర మూట ఇప్పొద్దు" అని అందరికీ చెప్పింది. నాకు రెండుసార్లు చెప్పింది.

బండి కట్టుకుని కోడుమూరు, బస్సులో కర్నూలు, అక్కడినుంచి రైలెక్కి ద్రోణాచలం, గుత్తిలో దిగి మద్రాసు రైలు. గుత్తి స్టేషన్లో నాలుగు గంటలు కూర్చున్నాం. మా అత్త మూటల మధ్య కూర్చునే కునికింది. తెల్లవారి కడప దాటుతుంటే పెద్దత్తకు కూడా కన్ను అంటుకుంది. సరిగ్గా అప్పుడే మామకు ఆ రైలు పెట్టెలోవాళ్లతో స్నేహం కుదిరింది. కడపవాళ్లు, మా వైపువాళ్లే. "మా కర్నూలు రొట్టె రుచి చూడండప్పా" అని తెల్ల మూట విప్పాడు. అది అయిపోయింది. కడపవాళ్లు ఇంకా మెచ్చుకుంటున్నారు. ఎర్ర మూట కిందికి దించాడు.

నేను చూశాను. ఆ మూటేమిటో నాకు తెలుసు. పెద్దత్త నా పక్కనే ఉంది, మోచేత్తో తడితే లేచేది. కొత్త కోడల్ని, మామ చెయ్యి పట్టుకుని ఆపేదెట్లా అనుకున్నాను. పెట్టెలోవాళ్లంతా లొట్టలేసుకుంటూ తిన్నారు. మామ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నోరు తెరవనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

మధ్యాహ్నానికి మద్రాసులో దిగి స్టేషను దగ్గరి సత్రానికి చేరాం. పొడుగాటి గది, చల్లని నల్లరాతి నేల. వెనక పెరట్లో వరసగా ఇటుక పొయ్యిలు, ఎదురుగా కట్టెల అంగడి. మా అత్త ఆ నేల మీద కొంగు పరుచుకుని ఒరిగింది. పెద్దత్త మూటలన్నీ సర్ది, "ఎర్ర మూట యాడ పాపా?" అంది. నేను తల వంచుకున్నాను.

"అది రైల్లోనే అయిపాయె లేక్కా" అన్నాడు మామ. "నలుగురికీ పెడితిమి, మంచి పేరొచ్చె. ఇప్పుడేమైంది? పిండి ఉండాది, పొయ్యి ఉండాది. అర్ధగంట పని."

"ఎవురికి అర్ధగంట?"

మామ స్నేహితులు గడపలో నిలబడి వింటున్నారు. మామకు అది కష్టంగా ఉంది. "చూడక్కా, వాళ్లు నన్ను నమ్ముకోని వచ్చినారు. హోటలు కూడు తినిపిచ్చి ఊర్లో తల ఎట్ల ఎత్తుకునేది?"

నేల మీద రెండు దెబ్బలు పడ్డాయి. "నాకు తెల్దు గానీ, పది దినాలు తట్టిన రొట్టెలు నువ్వు దారిలో పంచిపెడ్తివి. పేరు నీకొచ్చె. మల్లా వండేది ఆమెనా? సరేనని చెప్పింది నువ్వు. దిగిన దినం పొయ్యి ముట్టిచ్చేది లేదు."

"నా ఇంట్లో ఉండి నాకే ఎదురు చెప్తాండావా?"

"ఇప్పుడు నీ ఇంట్లో లేను గదప్పా. ఇది నీ ఇల్లు కాదు, సత్రం. ఈడ నువ్వెంతో నేనంతే."

స్నేహితుల్లో ఒకాయన దగ్గాడు, నవ్వు ఆపుకోవడానికేమో. అది మామను ఇంకా రెచ్చగొట్టింది. "అయితే విను. ఇప్పుడు పొయ్యి ముట్టిచ్చకపోతే, రేపు పొద్దున రైలుకు అందరూ ఊరికి. ఎగ్జిబిషనూ లేదు, చక్రమూ లేదు." అక్కకు చక్రం అక్కర్లేదని ఆయనకు తెలుసు. అందుకే ఆ మాట అంటూ మా అత్త వైపు తిరిగాడు. "ఏమే, లెయ్."

మా అత్త లేచి కూర్చుంది. గోడకు చెయ్యి ఆనించింది. ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్లముందుంది. పెద్దత్త ఆమెను లేవమనలేదు, లేవొద్దనీ అనలేదు. అసలు ఆమె వైపే చూడలేదు, వీధిలోకి చూస్తూ కూర్చుంది. బయట రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది. అత్త మొగుణ్ణి చూసింది, పెరట్లో పొయ్యిలను చూసింది, ఎందుకో నన్ను కూడా చూసింది. తర్వాత గోడమీది చెయ్యి తీసి, మళ్లీ ఒరిగి, అటు తిరిగి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

మామ చెప్పులేసుకుని బయటికి పోయాడు. స్నేహితులు ఆయన వెనక పోయారు. మా ఆయన కూడా వాళ్ల నాయన వెనకాలే పోయాడు, అప్పటికి ఆయనకు అంతే తెలుసు. నలుగురూ హోటల్లో ఇడ్లీ సాంబారు తిన్నారు. స్నేహితులకు అది ఎంత నచ్చిందంటే సాయంత్రం కూడా అక్కడికే పోయారట.

మాకు మూటల అడుగున కొన్ని బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒక బెల్లం ముక్క మిగిలాయి. అవి తిని నీళ్లు తాగాం. అత్త దీపాలు పెట్టేదాకా నిద్రపోయింది. మధ్యలో ఒకసారి ఉలిక్కిపడి లేచి, "పాలు పిండినారా?" అంది. ఎక్కడుందో తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, మళ్లీ పడుకుంది. ఆమె అట్లా నవ్వగా నేను చూడడం అదే మొదలు. నేనూ నిద్రపోయాను. నిద్రపోనిది ఒక్క పెద్దత్తే. ట్రంకుపెట్టెను గడపకు అడ్డంగా లాగి, దానిమీద కూర్చుని, మగవాళ్లు తిరిగొచ్చేదాకా కాపలా కాసింది. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా ఆమె వీపే కనబడింది.

మామ మాట తప్పే మనిషి కాదు, అక్కకిచ్చిన మాట తప్పితే. మరునాడు పొద్దున రైలెక్కించాడు. చక్రం చూడలేదు, సముద్రం చూడలేదు. ఊళ్లో ఆడవాళ్లు చుట్టూ చేరి, "ఏం చూస్తిరి మద్రాసులో?" అని అడిగారు. "సత్రం చూస్తిమి. శానా బాగుండాది" అంది అత్త. ఆ నేల ఎంత చల్లగా ఉండేదో, ఎంతసేపు పడుకుందో వాళ్లకు వివరంగా చెప్పింది. వాళ్లు నవ్వుకుని, ఇదంతా ఆ గయ్యాళి చేసిన పనేనని ఊరంతా చెప్పారు. అత్తకు చక్రం మీద ఆశ పోయిందని నేను చెప్పను. దానిగురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, అంతే.

అది నా మనసులో ఉండిపోయి, ఒకరోజు పెద్దత్తనే అడిగాను. "ఆ పూట వండేసి ఉంటే అత్త చక్రం ఎక్కేది గదా పెద్దత్తా?"

ఆమె నేల చరవలేదు. "నాకు తెల్దు పాపా" అంది. ఈసారి నిజంగానే తెలియక అన్నట్టుంది. "ఎక్కుండాల్సింది. రెండూ ఆమెకు రావాల్సినవే. ఒకటే ఇస్తామనింది నేను కాదు." గయ్యాళులు ఇట్లా మాట్లాడరు. ఒకవేళ ఇట్లా మాట్లాడేవాళ్లే గయ్యాళులైతే, ఊరికి ఇంకో పదిమంది ఉండాల్సింది.

రెండేళ్ల తర్వాత ఎండాకాలంలో ఆమె చనిపోయింది. మూడు రోజులు జ్వరం, అంతే. చావింట్లో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు. మగవాళ్లు కాష్టం దగ్గర్నుంచి వచ్చి స్నానాలు చేసేసరికి సాయంత్రమైంది. దూరంనుంచి వచ్చిన బంధువులు పంచలో కూర్చున్నారు. మామ వంటింటి గడప దగ్గరికొచ్చి, "ఇంక పొయ్యి ముట్టిచ్చండి. వచ్చినోళ్లు ఆకలిగా ఉండారు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆయన కళ్లు కూడా వాచి ఉన్నాయి.

అత్త నా పక్కన నేల మీద కూర్చుని ఉంది. గోడ పట్టుకోలేదు. "ఈ దినం ముట్టిచ్చను" అంది. "రేపు వండుతా." అని అక్కడే కొంగు పరుచుకుని పడుకుంది. ముఖం గోడకు తిప్పుకోలేదు, ఆయన వైపే పెట్టుకుంది.

మామ బయటికి పోయాడు. ఎదురింటివాళ్లను అడిగి బంధువులకు ఏదో ఏర్పాటు చేసి, తిరిగొచ్చి, "బొరుగులేమన్నా ఉండాయామ్మా?" అని నన్ను అడిగాడు.

ఉన్నాయని చెప్పాను. ఏ డబ్బాలో ఉన్నాయో కూడా చెప్పాను. లేచి తీసివ్వలేదు.